చలికోటులో ఫిల్టర్

రేషన్ కాన్వాయ్ నన్ను పోస్టు దగ్గర దించేసరికి మధ్యాహ్నం రెండైంది. అక్టోబరు నెల. ఎండలో కళ్లు తెరవలేం, నీడలో డ్రమ్ములోని నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. పనిముట్ల పెట్టె మోసుకుని నాలుగడుగులు వేశానో లేదో ఊపిరి అందక ఆ పెట్టె మీదే కూలబడ్డాను. చుట్టూ చూశాను. చెట్టు లేదు, గడ్డి లేదు. రాళ్ల మధ్య నాలుగు బంకర్లు, ఒక రేడియో స్తంభం, హెలికాప్టర్ దిగడానికి సున్నం కొట్టిన రాళ్ల వలయం. దాని పక్కన ఒక లారీ. లద్దాఖ్‌లో అది ఎక్కడో చెప్పను. చెప్పినా మన సిద్దిపేటలో ఎవరికీ తెలిసే చోటు కాదు.

లారీని చూడగానే నీరుగారిపోయాను. సైన్యంలో నా పని బండ్ల మెకానిక్కు. ఆ బండి నాకంటే వయసులో పెద్దది. ముందు బంపరు ఒక పక్కకు వంగింది, డోరుకు తాడు కట్టి ఉంది, ఆయిల్ చాంబర్ కింద మంటపెట్టిన మసి. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. నేను సెల్యూట్ కొట్టగానే లారీ వైపు చేయి చూపించాడు. ఇదే ఆఖరి కాన్వాయ్, మంచు పడితే మైదానం దారి మూసుకుపోతుంది, కొత్త బండి రాదు, మబ్బు పట్టిన రోజు హెలికాప్టరూ రాదు, అప్పుడు మనిషిని కిందికి దించేది ఇదొక్కటే అన్నాడు. "వేసవి దాకా ఇది చావకూడదు. అదే నీకు ఆర్డరు."

ఊళ్లో అందరూ ఒకటే అడుగుతారు, ఎంతమందిని కాల్చావని. నేను ఎవరినీ కాల్చలేదు. ఆ చలికాలమంతా నేను పోరాడింది ఒక డీజిల్ ఇంజిన్‌తోనే. ఈ మాట చెబితే వాళ్ల మొహాలు వాడిపోతాయి.

లారీ కింద నుంచి రెండు బూట్లు కనిపిస్తున్నాయి. వంగి చూశాను. గడ్డం నెరిసిన డ్రైవరు, వెల్లకిలా పడుకుని గ్రీజు పెడుతున్నాడు. ఏ ఊరని హిందీలో అడిగాడు. తెలంగాణ అన్నాను.

"తెలంగాణల ఏడ?"

"సిద్దిపేట దిక్కు. ధూళిమిట్ట."

అతను బయటికి దొర్లుకుంటూ వచ్చి లేచి కూర్చున్నాడు. "మాది సిద్దిపేటనే తమ్మీ. పట్నం రోడ్డు మీద మా బాపుకు సైకిల్ దుకాణం ఉండె. ఇంత దూరం వచ్చి గీ ఖాలా చేతిల పడ్డవా?"

ఖాలా అంటే పిన్ని. లారీకి అతను పెట్టుకున్న పేరు. ఆ రోజు నుంచి పోస్టంతా దాన్ని ఖాలా అనే పిలిచింది. నేను అతన్ని భాయ్ అన్నాను. ఆ కొండల మీద తెలుగు మాట్లాడటానికి నాకు భాయ్, భాయ్‌కి నేను.

మర్నాడే పని మొదలుపెట్టాను. అంత ఎత్తులో గాలి పలచన. మైదానంలో సరిపోయే డీజిల్ అక్కడ ఎక్కువవుతుంది, సగం కాలక నల్లపొగై బయటికి పోతుంది. పంపులో డీజిల్ తగ్గించాను. టాపెట్ల సందులు గేజుతో చూసి సరిచేశాను. ఇంజెక్టర్లు విప్పి కడిగాను. స్లో, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, కొంచెం పెంచాను. నాలుగో రోజుకు పొగ బూడిద రంగుకు వచ్చింది. భాయ్ చెవి బానెట్‌కు ఆనించి చాలాసేపు విన్నాడు, ఖాలాకు దగ్గు తగ్గిందన్నాడు.

దాన్ని పొద్దున లేపడం ఒక తతంగం. సాయంత్రమే బ్యాటరీలు విప్పి బంకర్లో బుఖారీ పొయ్యి పక్కన పెట్టేవాళ్లం. మా పరుపుల కంటే వాటికే మంచి జాగ. తెల్లవారగానే రేకు డబ్బాలో కిరోసిన్ గుడ్డలు ముట్టించి ఆయిల్ చాంబర్ కిందికి తోసేవాళ్లం. లోపలి ఆయిల్ కరిగాక బ్యాటరీలు బిగించి, ఇంజిన్ పక్కనుండే చిన్న చేతిపంపు కొట్టి, లైన్లో గాలి తీసి, అప్పుడు సెల్ఫ్. ఒకసారి లేచిందంటే దాన్ని ఆపాలంటే నాకు భయం. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో. అన్నం తింటున్నా, పడుకున్నా నా చెవి దాని మీదే ఉండేది. స్లో శబ్దం కాస్త మారినా గిన్నె పక్కన పెట్టి లేచేవాడిని.

రేడియో ఆపరేటర్ నన్ను చూసి నవ్వేవాడు. కేరళ కుర్రాడు, మా ఇద్దరి మాటలు విని తెలుగు ముక్కలు పట్టుకున్నాడు. సెట్లోనూ, ఎదురుపడినా అతని పలకరింపు ఒకటే: "ఏం సంగతి? ఖాలా ఎట్లుంది?"

డిసెంబరు చివర్లో అతనికి దగ్గు పట్టుకుంది. మొదటి రోజు జలుబన్నాడు. మూడో రోజు పొద్దున మెట్లెక్కలేక బంకర్ గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు గుడగుడలాడాయి. ఉమ్మిలో ఎర్రటి నురగ. నర్సింగ్ అసిస్టెంట్ రొమ్ముకు చెవి ఆనించి విని సుబేదార్ సాబ్‌ను పక్కకు పిలిచాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కిందికి దించితేనే బతుకుతాడు, దించకపోతే రేపు పొద్దు చూడడు. ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే ఉంది. బండి దారిలో ఎక్కువ ఆగకపోతే కింది దవాఖాన దాకా సరిపోతుంది.

కొండల మీద మబ్బు కూర్చుంది. హెలికాప్టర్ రాదని రేడియోలో చెప్పారు. ఆపరేటర్ పడిపోయాడు కాబట్టి ఆ మాట విన్నది వంటమనిషి.

ఏడున్నరకు బయల్దేరాం. వెనక స్ట్రెచరు మీద ఆపరేటర్, పక్కన నర్సింగ్ అసిస్టెంట్. ముందు భాయ్, నేను. ఖాలా మొదటి సెల్ఫ్‌కే లేచింది. నాకు గర్వంగా అనిపించింది కూడా. ఆ దారి నేరుగా కిందికి పోదు. ముందు కనుమ దాకా ఎక్కాలి, తర్వాత దిగాలి. కనుమ మీద గాలి కత్తిలా కోస్తుంది, పోస్టు కంటే అక్కడ చలి ఎక్కువ. సరిగ్గా అక్కడే ఇంజిన్ తడబడింది. రెండుసార్లు ఎగశ్వాస పీల్చినట్టు పీల్చి ఆగిపోయింది.

దూకి బానెట్ ఎత్తాను. డీజిల్ ఫిల్టర్ గిన్నె విప్పితే లోపల తెల్లగా గడ్డ. చలికాలం మన ఇళ్లల్లో నెయ్యి పేరుకున్నట్టు. అంత చలికి గడ్డకట్టని డీజిల్ వేరే ఉంటుంది, మేం వాడేది అదే. ఇది అది కాదు.

"భాయ్, టాంకీల ఏం పోసినవ్?"

అతను నా చేతిలోని ఫిల్టర్‌ను చూశాడు. మొహంలో రక్తం లేదు. "నిన్న మాపటికి ఎన్కున్న సగం డ్రమ్ము పోసిన. పాతది గద... ముందుగాల అది ఒడగొడ్దామని."

పాత సరుకు ముందు వాడాలి. స్టోరు గుమ్మం మీద ఎర్ర రంగుతో రాసి ఉండే మాట అది. పప్పయినా, పాలడబ్బా అయినా పాతది అయిపోయాకే కొత్తది ముట్టుకోవాలి. ఎక్కడా ఏదీ దొరకని చోట అది దేవుడి మాటే. ఇరవై ఏళ్లకు పైగా ఆ మాట పాటించిన మనిషి డీజిల్‌కూ పాటించాడు. ఆ సగం డ్రమ్ము ఎండాకాలంలో మైదానం నుంచి వచ్చిన మామూలు డీజిలు. భాయ్‌ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. వెనక రేకు మీద నర్సింగ్ అసిస్టెంట్ పిడికిలితో టకటక బాదుతున్నాడు, మనిషి ఇంకా ఉన్నాడు, త్వరగా కదలమని. కోపానికి టైం లేదు.

రేడియేటర్ నుంచి ఒక మగ్గు వేడినీళ్లు తీసి ఫిల్టర్ గిన్నె మీద పోశాను. గడ్డ కరిగింది. గాలి తీసి సెల్ఫ్ కొట్టాం, లేచింది. రెండు మలుపులు తిరగ్గానే మళ్లీ ఆగింది. ఇంకో మగ్గు తీస్తే ఇంజిన్ కాలిపోతుంది, తిరిగి పోయడానికి నీళ్లు లేవు. కిరోసిన్ స్టవ్ ఆ గాలికి నిలవదు. నా దగ్గర ఇంకో ఫిల్టర్ ఉంది. అది వేస్తే అదీ కాసేపటికి గడ్డకడుతుంది.

క్యాబిన్‌లోని రేడియో సెట్ గరగరలాడింది. సుబేదార్ సాబ్ గొంతు. "బండి ఎక్కడుంది?"

"కనుమ మీద. ఆగింది సాబ్. డీజిల్ గడ్డకట్టింది."

"మనిషి?"

"ఉన్నాడు."

"బండి కదిలాక చెప్పు."

నేను కొత్త ఫిల్టర్ బిగిస్తుంటే భాయ్ గడ్డకట్టిన పాతది నా చేతిలోంచి తీసుకున్నాడు. చలికోటు గుండీలు విప్పాడు. స్వెట్టరు ఎత్తి దాన్ని బనీను లోపలికి తోసుకున్నాడు. డీజిల్ కారుతున్న ఫిల్టర్, మంచులా చల్లటిది, నేరుగా ఒంటికి. పళ్లు బిగించాడు. నాకు అర్థమైంది. ఒకటి ఇంజిన్లో ఉన్నంతసేపు ఒకటి ఒంటి వేడికి కరగాలి. అది గడ్డకట్టగానే ఇది వేసుకోవాలి.

నాకివ్వు, నేను పెట్టుకుంటానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు బానెట్ కింద గాలికి నిలవడ్తవ్. నీ ఒంట్ల వేడి ఆగది. నేను లోపల కూసుంట." గుండీలు పెట్టుకుంటూ ఇంకో మాట అన్నాడు. "పోసింది నేను తమ్మీ."

అలా దిగాం. ఇంజిన్ తడబడగానే భాయ్ బండిని కొండ పక్కకు తీసి ఆపేవాడు. నేను దూకేవాడిని. అతను కోటులో చెయ్యి పెట్టి ఫిల్టర్ తీసి ఇచ్చేవాడు. ఆ చలిలో దాని మీంచి సన్నగా ఆవిరి లేచేది. "జల్ది పెట్టు, సల్లగైతది" అనేవాడు, పొయ్యి మీది రొట్టె ఇచ్చినట్టు. నేను మంచుముద్ద లాంటి ఇంకో ఫిల్టర్ అతని చేతిలో పెట్టేవాడిని. అది లోపలికి పోయేది. గాలి తీయడం, సెల్ఫ్, మళ్లీ దారి. ఎన్నిసార్లు మార్చామో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఫిల్టర్ అందుకుంటుంటే నాకు సిగ్గేసేది, నా కోపం గుర్తొచ్చి. ప్రతిసారీ దాని వేడి కొంచెం తగ్గుతోంది. భాయ్ ఒళ్లు చల్లబడుతోందని దాన్ని బట్టే తెలిసింది. పెదాలు నీలంగా మారాయి. చేతులు మాత్రం స్టీరింగ్ మీద నిలకడగా ఉన్నాయి.

వెనక నుంచి రేకు మీద కొట్టే శబ్దం తగ్గుతూ వచ్చింది. ఒక మలుపులో బొత్తిగా ఆగిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తర్వాత ఒకే ఒక దెబ్బ వినిపించింది. ఉన్నాడు.

పదకొండు దాటాక కింది దవాఖాన గుడారాలు కనిపించాయి. స్ట్రెచరు పట్టుకుని నలుగురు పరిగెత్తుకొచ్చారు. సిలిండరు ముల్లు సున్నా మీద ఉంది. నా పక్క నుంచి తీసుకుపోతుంటే ఆపరేటర్ కళ్లు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు.

నేను సెట్లో సుబేదార్ సాబ్‌కు చేరామని చెప్పి క్యాబిన్ దగ్గరికి వచ్చాను. భాయ్ ఇంకా సీట్లోనే ఉన్నాడు. ఇంజిన్ నడుస్తోంది. అద్దం లోపలంతా మంచు పట్టింది. ఎడమచేయి కోటు మీద, రొమ్ము దగ్గర అదిమి పట్టి ఉంది. అయిపోయింది భాయ్, ఇటివ్వు అని గుండీ మీద చెయ్యి వేశాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు తమ్మీ. మళ్ల వాపస్ పోవాలె గద."

టాంకీ మొత్తం ఖాళీ చేస్తాను, ఇక్కడ మంచి డీజిల్ ఉంది, ఇక అక్కర్లేదని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. విన్నాడు, తల ఊపాడు, చెయ్యి మాత్రం తీయలేదు. చివరికి డాక్టరు వచ్చి బనీను కత్తిరించాల్సి వచ్చింది. ఫిల్టర్‌తో పాటు కొంత చర్మం కూడా వచ్చింది. నేను లారీ వెనక్కి పోయి ఏడ్చాను.

పోస్టుకు తిరిగొచ్చాక ఆ డీజిల్ ఎవరు పోశారని సుబేదార్ సాబ్ అడిగాడు. భాయ్ ముందుకొచ్చి నేనే అన్నాడు. సాబ్ అతని కట్టు వైపు చూశాడు. మర్నాడు స్టోరు గుమ్మం మీద, పాత సరుకు ముందు అన్న మాట కింద, డీజిల్‌కు ఇది వర్తించదని రాయించాడు.

వేసవిలో కొత్త బండి వచ్చింది. ఖాలాను గొలుసు కట్టి లాక్కుపోయారు. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు నాకు సిద్దిపేటలో కరీంనగర్ రోడ్డు మీద డీజిల్ షెడ్డు ఉంది. పనిలేని రోజు కూడా కుదురుగా కూర్చోలేను. రోడ్డు మీద ఏ లారీ స్లో మారినా లేచి నిలబడతాను. మా ఆవిడకు అలవాటైపోయింది, సినిమాకు వెళ్లినా, నేను మధ్యలో లేస్తానని చివరి సీటు తీసుకుంటుంది. ఆపరేటర్ బతికాడు. కేరళ నుంచి ఫోన్ చేస్తాడు. మొదటి మాట అదే: "ఏం సంగతి? ఖాలా ఎట్లుంది?" లేదని తెలిసీ అడుగుతాడు. మంచిగుందని నేనూ చెబుతాను.

భాయ్ చింతమడకకు ఆటో నడుపుతాడు. మధ్యాహ్నం ఖాళీ దొరికితే నా షెడ్డుకు చాయ్‌కి వస్తాడు. మే నెల ఎండ, రేకుల కింద ఇద్దరికీ చెమటలు. ఆటో మాత్రం బయట స్లో మీద నడుస్తూనే ఉంటుంది. పక్క దుకాణం వాళ్లకు పొగ, విసుక్కుంటారు. మొన్న నేనూ అన్నాను, బంద్ చెయ్యి భాయ్, డీజిల్ ఊకె కాలుతుందని.

"కాలనియ్యి" అన్నాడు. కుడిచేతిలో చాయ్ గ్లాసు ఉంది. ఎడమచేయి చొక్కా మీద, రొమ్ము దగ్గర ఉంది. పెట్టుకున్నట్టు అతనికి తెలియదు. నాకు మాత్రం ఆ ఎండలోనూ మంచు పట్టిన అద్దమే కనిపించింది. దాని వెనక ఇంజిన్ ఆపకుండా, కోటు అదిమి పట్టుకుని, వాపస్ పోవడానికి తయారుగా కూర్చున్న మనిషి.