చివరి ముక్క

వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపే బాబాయి, పెట్టె వేడెక్కేలోగా ఫోన్‌లో కొత్తగా వచ్చిన చిన్న ఆటేదో ఆడతాడు. బట్టల కోసం వచ్చినవాళ్లకు దాని మీద తీర్పు చెప్పనిదే మూట ఇవ్వడు. చేపలు పట్టే ఆటలో నీళ్లు బాగున్నాయట, చేపలకే తొందరెక్కువట. బట్టలు సర్దే ఆట మీదైతే ఒంటికాలి మీద లేస్తాడు: "అది చేసినవాడు జన్మలో చొక్కా మడతపెట్టలేదు!" బొమ్మ ముక్కలు అతికించే ఆట గురించి మాత్రం నోరు మెదపడు. అది వాళ్లక్క ఆట. ఈ ఫోన్‌లోనే ఆడేది. అమ్మ పోయాక తనను పెంచిన అక్క, చిన్నప్పుడు కంచంలో చివరి ముద్ద ఉంచినట్టే, ప్రతి బొమ్మలో చివరి ముక్క తమ్ముడికి ఉంచేది. ఆసుపత్రి మంచం మీద కూడా పడవ బొమ్మంతా పేర్చి, "ఇదిగోరా, నీ వంతు" అని ఫోన్ చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే పోయింది. ఆ ముక్క బాబాయి పెట్టలేదు. రోజూ కొట్టు తెరవగానే ఆ బొమ్మ ఒకసారి చూసుకుని పనిలో పడతాడు.

నిన్న ఆ బొమ్మ తెర మీద ఉండగానే ఫోన్ బల్ల మీద వదిలేసి, తెల్లకోట్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాటి కోసం వచ్చిన నర్సమ్మ నవ్వుతోంది. "ఏంటి బాబాయ్, ఒక్క ముక్క దగ్గర ఆగిపోయారు? నేను పెట్టేశాలెండి." తెర మీద రంగుల పువ్వులు రాలుతున్నాయి. పడవ పోయి, కొత్త బొమ్మ ముక్కలు చెల్లాచెదురుగా వచ్చి పడ్డాయి. బాబాయి మడతపెట్టిన కోటునే విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"ఈ ఆట ఎలా ఉంటుంది బాబాయ్? నేనూ ఆడనా?"

"మంచి ఆటేనమ్మా," అన్నాడు మూట అందిస్తూ. "వెనక్కెళ్లే దారే పెట్టలేదు."