పాపిడాకు మీది చుక్కలు

"పెద్ద దండ ఒకటి కావాలండీ. మన సుభద్ర మేడమ్ గారు పోయారు" అన్నారు ఫోనులో. కడియంలో నర్సరీ నడిపేవాడిని కనుక మరణవార్తలు నాకు చాలావరకు దండల ఆర్డర్లుగానే అందుతాయి. ఆ ఒక్క ఆర్డరు రాసుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

కాలేజీలో నాకు వృక్షశాస్త్రం బోధించిన విదుషీమణి ఆవిడ. ఉద్యోగ విరమణ చేశారే తప్ప జిజ్ఞాస విరమించలేదు. నర్సరీకి వస్తే మొక్కలు కొనేవారు కాదు, ఆకులు తిరగేసేవారు. "ఏమయ్యా సత్యం, ఇదిలా ఎందుకుందంటావు?" అని నన్నే అడిగేవారు. తెలియదంటే మహా సంతోషం. "మంచిదేగా, ఇద్దరం చూద్దాం" అనేవారు.

ఒక ఏడు తెల్లని గుత్తులు పూసే పాపిడి మొక్కలు పెంచాను. ఆకుల నిండా నల్లటి చుక్కలు. మచ్చలున్న మొక్కను మా దగ్గర ఎవరూ లారీ ఎక్కించుకోరు. ఫొటో తీసి మేడమ్ గారికి పంపాను. "బాక్టీరియా తెగుల్లా ఉందయ్యా, ఒక ప్యాకెట్ మందు కలిపి కొట్టు" అన్నారు. కొట్టాను. కొత్త చిగుళ్లలో ఒక్క చుక్కా లేదు. మురిసిపోయాను. అంతలోనే అవి ముడుచుకుపోయాయి, మొక్కలు జానెడెత్తు దగ్గరే ఆగిపోయాయి.

సంగతి చెబితే మేడమ్ గారు వారం పాటు పుస్తకాలు తిరగేసి, భూతద్దం పట్టుకుని వచ్చారు. మందు తగలని తల్లి మొక్క ఆకును ఎండకెత్తి చూపించారు.

"ఈ చుక్కల్లో బాక్టీరియా కాపురం ఉంటోందయ్యా. చిగురు మొనలోనే కాచుకుని ఉండి, ఆకు విచ్చుకునేలోపే లోపలికి చేరతాయట. విత్తనంతో పాటు పిల్ల మొక్కకీ వెళ్తాయట! వాటినే మనం చంపేశాం."

"అవి చేసే మేలేంటండీ?"

"పూర్తిగా ఇంకా తెలీదు. లేకపోతే మొక్క ఎదగదు, అది చూశాంగా" అంటుంటే ఆవిడ కళ్లు మెరిశాయి. ఆ వెంటనే పనివాళ్లందరి వైపూ తిరిగి, "తప్పు నాదమ్మా. మొక్కని చూడకుండా మందు చెప్పాను" అన్నారు.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఆవిడ ఒక ప్యాకెట్ చెబితే నేను రెండు కలిపాను. త్వరగా తగ్గిపోవాలన్న ఆత్రం, మా నర్సరీలవాళ్లందరికీ ఉన్న జబ్బే. ఆ రోజు నోరు విప్పలేదు. సిగ్గేసింది. మేడమ్ గారేమో ఎదగని మొక్క ఉన్న కుండీ ఒకటి అడిగి తీసుకెళ్లి, తన గుమ్మం పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతి విద్యార్థికీ "ఇది నా తప్పు" అని చూపించేవారు. ఆ సత్యనిష్ఠ ముందు నేను ఏళ్ల తరబడి తల దించుకునే నిలబడ్డాను.

దండ నేనే తీసుకెళ్లాను. పాపిడి ఎండిపోయి చాలా కాలమైనా కుండీ గుమ్మం పక్కనే ఉంది. "అమ్మ ఇది మీకిమ్మందండీ" అని వాళ్లమ్మాయి నా చేతికిచ్చింది. మట్టిలో గుచ్చిన రేకు మీద మేడమ్ గారు మేకుతో గీసిన "పాపిడి" అన్న అక్షరాలు ఎప్పుడూ చూసేవే. ఈసారి బయటికి లాగాను. మట్టిలో కూరుకుపోయిన సగం మీద, అదే చేతిరాతలో, "ఖాళీ ప్యాకెట్లు రెండు" అని ఉంది.

ఎప్పుడు చూశారో! ఏ ఆకునూ ప్రశ్నించకుండా వదలని ఆ మహనీయురాలు నన్ను ఆ ఒక్కటీ అడగలేదు. ఇక ఎవరూ అడగరు.

మేడమ్ గారూ, రెండు కలిపానండీ.