వీపు చూపించని మాస్టారు

మాస్టారి వీపు ఎలా ఉంటుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. దర్జీకి తెలిసుండాలి, అదైనా కొలతల్లోనే. పాత కట్టడాల చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకాలు లావుగా, బరువుగా ఉంటాయి. అందరూ కొంటారు, ఎవరూ చదవరు. ఉపన్యాసాలకి మాత్రం హాలు నిండిపోయి బయట మెట్ల మీద కూడా కూర్చుంటారు. అంతటి వక్తకీ ఒకటే చాదస్తం. మాట్లాడుతున్నంతసేపూ వినేవాళ్లకి వీపు చూపించరు. కొంపలు మునిగినా చూపించరు.

ఉపన్యాసం అయ్యాక అందరిలా గిరుక్కున తిరిగి వెళ్లిపోవడం కూడా ఉండదు. చేతులు జోడించుకుని, నవ్వుతూ, ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ తెర చాటుకి మాయమైపోతారు. ఒకసారి అలా మాయమై, చీపుళ్లూ బకెట్లూ పెట్టుకునే గదిలోకి వెళ్లిపోయారు. తలుపు దానంతటదే పడిపోయింది. అధ్యక్షుడు పూలగుత్తి పట్టుకుని "మాస్టారు ఎక్కడున్నా వేదిక మీదకి రావాలి" అని మైకులో ఒకటే పిలుపు. జవాబుగా గోడ వెనక నుంచి బకెట్లు దొర్లుతున్న చప్పుడు.

ఇక తెర మీద బొమ్మల సంగతి. అందరూ ఒకసారి తెర వైపు తిరిగి, బొమ్మ చూసుకుని చెబుతారు కదా. మాస్టారు తిరగరు. వెనక ఏ బొమ్మ వచ్చిందో ఆయనకి తెలియదు. ప్రొజెక్టరు నడిపే అతను తన ఇంటి ఫోటోలు కూడా అదే కంప్యూటర్లో దాచుకునేవాడు. ఒక సాయంత్రం మాస్టారు "ఇప్పుడు ఈ గుమ్మటం చూడండి" అన్నారు. తెర నిండా, కేకు మీదకి వంగి కొవ్వొత్తులు ఊదుతున్న ప్రొజెక్టరతని మావగారి బట్టతల ప్రత్యక్షమైంది.

"ఎంత నునుపో చూశారా!" అన్నారు మాస్టారు తన్మయంగా. "పైన ఒక్క అలంకారం లేదు. ఎండ పడితే మైలు దూరానికి మెరుస్తుంది. అంచున మాత్రం పలచగా ఒక వరస మిగిలింది, అది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. లోపల అంతా ఖాళీయే. అదే దీని గొప్పతనం!"

హాలు గొల్లుమంది. ఒక్క మావగారు తప్ప. ఆయన మూడో వరసలోనే ఉన్నారు.

"జనానికి గుమ్మటాలంటే ఇంత ఇష్టమని తెలియలేదోయ్" అన్నారు మాస్టారు ఇంటికొచ్చాక, భార్యతో.

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అంది ఆవిడ తల పట్టుకుని.

ఆదివారాల సంగతి ఇంకా ఘోరం. పొద్దున్నే ఒక గుంపుని వెంటేసుకుని వీధుల్లో పాత కట్టడాలు చూపిస్తారు. మాస్టారు ముందు, జనం వెనక. కాకపోతే మాస్టారి మొహం జనం వైపు, నడక వెనక్కి. పీతకి పక్కనడక ఎంత సహజమో ఆయనకి ఈ నడక అంత సహజం. ఓ రోజు పాత కిటికీల గురించి చెబుతూ చెబుతూ వెనక్కి నడిచి మంగలి దుకాణంలోకి వెళ్లి, కాళ్లకి కుర్చీ తగలగానే అందులో కూర్చుండిపోయారు. మంగలికి కూర్చున్నవాడే బేరం. మెడకి గుడ్డ కట్టి, నురగ పట్టించేశాడు. మాస్టారు ఆగితేనా! గుంపు గుమ్మంలో నిలబడి విన్నది. కిటికీల చరిత్రా, కుడి చెంప గడ్డమూ ఒకేసారి పూర్తయ్యాయి. ఎడమ చెంప మాట ఎత్తేలోపు ఆయన తర్వాతి కట్టడానికి వెళ్లిపోయారు.

ఎందుకిలా అని అడిగితే మనిషికో జవాబు చెప్పేవారు. పత్రిక వాళ్లతో "కట్టడాన్ని జనం కళ్లల్లో చూడాలి" అన్నారు. డాక్టరుతో "మోకాళ్లకి మంచిది" అన్నారు. డాక్టరుకే ఆ మాట చెప్పగలిగిన ధైర్యం ఆయనది. భార్యతో మాత్రం "అలవాటైపోయిందోయ్" అని ఊరుకునేవారు.

ఇంట్లో కూడా అదే తంతు. ఆవిడతో ఏదైనా చెప్పాలంటే వంటింట్లోకి వచ్చి, పొయ్యికీ ఆవిడకీ మధ్య దూరి, ఎదురుగా నిలబడి చెబుతారు. చెప్పడం అయ్యాక వెనక్కి నడుచుకుంటూ, దారిలో రెండు గిన్నెలు పడేసి వెళ్తారు.

"పక్కగదిలోంచి చెబితే నాకు వినపడదనుకున్నారా?" అని ఆవిడ కసిరేది. ఆ కసురుకి ఆవిడకి హక్కుంది. ముప్పై ఏళ్ల పైచిలుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. గాలివానలో, గరగరలాడే లైన్లలో, ఎక్కడో ఉన్న మనిషి గొణిగిన మాట పట్టుకుని ఇంకో మనిషికి చేరవేసిన చెవులవి. గొంతు వినగానే మనిషి భోంచేశాడో లేదో చెప్పగలిగేదని ఆఫీసులో చెప్పుకునేవారు.

"నా చెవులకేం! ఈ కాలం వాళ్లకే నోరు తెరిచి మాట్లాడటం చేతకాదు" అనేది ఆవిడ. నిజమే మరి. కూరగాయలవాడు గొణుగుతాడు. టీవీలో వార్తలు చదివే పిల్ల గొణుగుతుంది. సొంత చెల్లెలు కూడా గొణుగుతుంది. ఓసారి చెల్లెలు పెరటి గుమ్మంలో నిలబడి "అక్కా, మామయ్యొచ్చాడు!" అంటే, ఈవిడ "పామొకటొచ్చింది" అనుకుని పొడుగాటి కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చింది. పాపం పెద్దాయన అప్పుడే చెప్పులు విప్పుతున్నాడు, విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు తీశాడు. ఆనాటి నుంచి ముందు ఫోను చేసి గానీ రాడు. చేసినా లాభం లేదు, ఆవిడ ఎత్తినప్పుడల్లా లైను బాగుండదు.

ఆయన ఉపన్యాసం గానీ, ఆదివారం నడక గానీ ఆవిడ ఒక్కటీ మానేది కాదు. ఉపన్యాసాల్లో మైకు కూడా బాగుండేది కాదు. "ఇవాళ మైకు మరీ అన్యాయమండీ" అని ఆవిడ అనడమే తరువాయి, మాస్టారు మైకతని మీద విరుచుకుపడేవారు. "మైకా అది? గుడ్డలు కుక్కిన గొట్టమా?" అతను తల వంచుకుని నిలబడేవాడు.

ఇలా నడుస్తుండగా, ఒక ఆదివారం పాత మార్కెట్టు ముందు ఆ పని జరగనే జరిగింది. గొట్టాలు వేయడానికి అక్కడ గొయ్యి తవ్వారు. మాస్టారు చెయ్యెత్తి, "ఈ తోరణం ఎంత గట్టిదంటే..." అని, ఇంకో అడుగు వెనక్కేసి, మాయమయ్యారు.

గుంపు కెవ్వుమంది. గోతిలోంచి, "...దీని మీద ఏనుగుని నడిపించవచ్చు" అని వినిపించింది. అందరూ వంగి చూశారు. వెల్లకిలా పడున్నారు, మొహం జనం వైపే. అక్కడ కూడా వీపు చూపించలేదు.

చీలమండ బెణికింది. డాక్టరు కట్టు కట్టి, "ఈసారికి ఇంతే. ఇంకోసారి పడి తుంటి విరిగితే మాత్రం ఉపన్యాసాలన్నీ మంచం మీదే" అన్నాడు. ఆ మాట మాత్రం ఆవిడకి స్పష్టంగా వినిపించింది. ఆ డాక్టరు మొహం మీద మొహం పెట్టి అరిచే రకం.

ఇంటికొచ్చాక ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇక నా వల్ల కాదు. అందరిలా ముందుకి చూసి నడుస్తానంటేనే నేను మీ వెంట వస్తాను. లేదంటే మీ దారి మీది."

"ముందుకి నడిస్తే వస్తావా?"

"వస్తాను."

"వచ్చి ఏం చేస్తావోయ్?"

"భలేవారే! ఏం చేస్తాను, వింటాను!"

మాస్టారు కట్టు కట్టిన కాలు వైపు చూసుకుని, "సరే, నీ ఇష్టం" అన్నారు. గెలిచానని ఆవిడ ఆ పూట హాయిగా నిద్రపోయింది.

కాలు కుదుటపడ్డాక మళ్లీ ఆదివారం వచ్చింది. గుంపు రెట్టింపైంది. మాస్టారు ముందుకి నడుస్తారట అన్న వార్త ఊరంతా పాకింది మరి. మాస్టారు అన్న మాట ప్రకారం తిరిగి, ముందుకి నడిచారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వీపు చూసి "మామూలుగానే ఉందే" అన్నారెవరో.

ఆవిడ గర్వంగా వెనకాలే నడిచింది. మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు. చెయ్యి ఊపుతున్నారు, తల ఆడిస్తున్నారు. ఆవిడకి పక్కింట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. జనమంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, ఒక క్షణం ఆలస్యంగా.

"భలే చెప్పారు కదండీ?" అంది పక్కనున్న పంతులమ్మ, ఆవిడ వైపు తిరిగి.

"ఆ, భలే చెప్పారు" అంది ఆవిడ.

మైకు బాగాలేదు అనుకుంది. అనుకున్నాక చుట్టూ చూసింది. వీధిలో మైకు లేదు.

జనాన్ని తోసుకుని ముందుకి వెళ్లింది. సరిగ్గా ఆయన వెనక్కే వచ్చింది. మెడ కనిపిస్తోంది, కాలరు కనిపిస్తోంది, మాట కనిపించడం లేదు. "మాట కనిపించడం" అని తన బుర్రలో తనే అనుకుని ఉలిక్కిపడింది. ఇక ఆగలేకపోయింది. గబగబా ఆయన్ని దాటి, ఇటు తిరిగి, ఆయన మొహంలోకి చూస్తూ తనే వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

అమ్మయ్య! మాటలన్నీ తిరిగొచ్చాయి. మేడ, మెట్లు, పావురాలు. ఇప్పుడు "స్తంభం, స్తంభం" అంటున్నారు. కళ్లు పెద్దవి చేసి, రెండు చేతులూ ఊపుతూ మరీ చెబుతున్నారు. ఏ కాలం నాటి స్తంభమో, ఎంత బాగా వర్ణిస్తున్నారో అనుకుని మురిసిపోయింది. మురిసిపోతుండగానే తల వెనక టంగుమంది.

వీధి దీపం స్తంభం. నిన్న మొన్నటిదే.

మాస్టారు చటుక్కున పట్టుకున్నారు. ఆవిడ తల రుద్దుకుంటూ ఆయన మొహంలోకి చూసింది. గుంపు కాస్త దూరంలో ఆగింది.

"ఎప్పట్నుంచి తెలుసండీ మీకు?"

"ఏం తెలుసు?"

"నా చెవుల సంగతి."

"మైకులు బాగుండటం లేదని..."

"వీధిలో మైకెక్కడుందండీ?"

గంటలకొద్దీ మాట్లాడే మాస్టారు పెదవులు విడివిడిగా కదుపుతూ నెమ్మదిగా అన్నారు. "ఊరందరి మాటలూ విన్న చెవులు. వాటికి వినపడటం లేదని ఆ చెవులకే ఎలా చెప్పనోయ్? చెబితే నువ్వు ఇంట్లో కూర్చుంటావు. నాకు గోతిలో పడటమే సుఖమనిపించింది."

"తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది ఆవిడ. కళ్లు తుడుచుకుంది. దెబ్బ గట్టిగానే తగిలిందని అందరికీ చెప్పింది. తర్వాత ఆయన రెండు భుజాలూ పట్టుకుని జనం వైపు గిర్రున తిప్పి, తను ఆయనకి ఎదురుగా, జనం ముందు వరసలో నిలబడింది.

"చెప్పండి. దారి నేను చూస్తాను."

మాస్టారు మేడ చరిత్ర మళ్లీ ఎత్తుకున్నారు, వెనక్కి నడుస్తూ. మధ్యమధ్యలో ఎక్స్ఛేంజి గొంతు ఖంగుమని మోగేది. "ఎడమకి జరగండి. మెట్టు ఉంది, దిగండి. సైకిలొస్తోంది, లైనులో ఉండండి. ఆ, ఇప్పుడు కానివ్వండి."

ఆ నడక ఊళ్లో ఎంత పేరు తెచ్చుకుందంటే, కట్టడాలు చూడని వాళ్లు కూడా వీళ్లిద్దరినీ చూడ్డానికి రావడం మొదలుపెట్టారు.

చెల్లెలు వెంటపడి ఆవిడని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మిషను పెట్టించింది. లోకం ఇంత గోలగా ఉంటుందా అని ఆవిడ రెండ్రోజులు దుప్పటి ముసుగేసుకుంది. మూడో రోజున మైకతన్ని కలిసి, "నీ మైకు చాలా బాగుందయ్యా" అంది. అతను సిగ్గుపడిపోయాడు. "తెలుసమ్మా. మాస్టారు మీ ముందు తిట్టి, మీరు అటు వెళ్లగానే వచ్చి 'నీది బంగారం లాంటి మైకోయ్, మనసులో పెట్టుకోకు' అనేవారు."

అంతా బాగానే ఉంది గానీ, మాస్టారు ఇంకా వెనక్కే నడుస్తున్నారు. ఆవిడ ఇంకా ఎదురుగా నడుస్తూ దారి చెబుతూనే ఉంది. పంతులమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, ఇప్పుడు మీకు చక్కగా వినిపిస్తోంది కదా. ఆయన్ని తిన్నగా నడవనివ్వచ్చు కదా?"

"వినిపిస్తోందండీ, చీమ నడిచినా వినిపిస్తోంది" అంది ఆవిడ, కళ్లు ఆయన మొహం మీంచి తిప్పకుండా. "కానీ మనిషి మొహం చూడకుండా మాటలు వినడం ముప్పై ఏళ్లు చేశాను. ఆ ఉద్యోగం నుంచి రిటైరైపోయాను."