ఇంజను ఆగితే

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో, తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో ఇంజను నడిపే వీరాస్వామికి పక్కన పిడుగు పడినా మెలకువ వచ్చేది కాదు. ఇంజను ఆగితే మాత్రం దిగ్గున లేచేవాడు. మధ్యాహ్నం అరుగు మీద, తుండుగుడ్డ మొహాన కప్పుకుని గుర్రుపెట్టేవాడా, డబడబ మోత ఆగిందంటే చాలు, పంచె ఎగ్గట్టుకుంటూ వెళ్లి, ఆ పెద్ద చక్రం భుజబలమంతా పెట్టి తిప్పి, మోత మళ్లీ అందుకోగానే వచ్చి పడుకునేవాడు. లేచినట్టు తనకే గుర్తుండేది కాదు. అన్నం కలిపిన చేత్తో పరిగెత్తిన రోజులూ ఉన్నాయి. చక్రం మీద పప్పు మరకలే అందుకు సాక్ష్యం.

పెద్దకూతురి పెళ్లి మిల్లు వెనక పందిట్లోనే, పట్టపగలు. భార్య కనకరత్నం నీళ్లు పోస్తుంటే అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. అంతలో మోత ఆగింది. కడుగుతున్న కాలు వదిలేసి లేచాడు. కనకరత్నం కండువా చెంగు పట్టుకు లాగింది.

"ఏవండీ, కూర్చోండి! అందరూ చూస్తున్నారు."

మిల్లు యజమాని సుబ్బరాజు నవ్వాడు. "నేనే ఆపించాను వీరాస్వామీ. మంత్రాలు వినపడాలి కదా!"

కూర్చున్నాడు గానీ, పురోహితుడు చెప్పిన మాట ఒక్కటీ నోట పలకలేదు. చెవులు మిల్లు వైపే ఉన్నాయి. పెళ్లికూతురు తల వంచుకునే అంది:

"రాజుగారూ, ఇంజను వెయ్యమనండి. అదాగితే మా నాన్న ఇక్కడుండరండి."

సుబ్బరాజు చెయ్యి ఊపాడు. మోత అందుకుంది. వీరాస్వామి కూతురి చెయ్యి పట్టుకుని, అప్పుడు ఏడ్చాడు. ఆ డబడబలో ఎవరికీ వినపడలేదు.