ముందు రాసిన కాలేజీ

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను. నా మాటలో మెత్తదనం లేదని అంటారు. నిజమే, లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే నాకు తెలుసు.

మా అమ్మాయి ఢిల్లీలో చదవాల్సింది. చదవలేదు. ఎందుకు చదవలేదో చెప్పాలంటే భిలాయిలో మాకు క్వార్టర్ ఎలా దొరికిందో ముందు చెప్పాలి.

విజయనగరం పక్కనుంచి మేం వచ్చేసరికి ఉక్కు ప్లాంటు ఇంకా కడుతున్నారు. మా ఆయనకి కోక్ ఓవెన్‌లో పని. బొగ్గు కాల్చే ఆ పొయ్యిల మీద నిలబడి ఇంటికొస్తే కళ్లు తప్ప మనిషి కనిపించేవాడు కాదు. ఖుర్సీపార్ బస్తీలో రేకుల కప్పు కింద ఒక్క గది. వాన కురిస్తే పిల్లని ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. బడి పక్కనున్న సెక్టార్లో క్వార్టర్ కావాలని మా ఆయన కంపెనీకి అర్జీ పెట్టాడు. అందరూ అదే అడిగారు. మా వంతు రాలేదు. పిల్ల బురదలో నడుచుకుంటూనే ఒక్కో తరగతీ దాటింది.

మా పక్కగదిలో శ్రీకాకుళం వైపు మనిషి ఉండేవాడు. మా ఆయన్ని బావా అని పిలిచేవాడు, మా పిల్లకి మావయ్య. మాకంటే వెనకొచ్చిన మనిషి. అతను తెలివిగా చిట్టచివరి సెక్టార్ అడిగాడు. నక్కలు కూసే చోటు, ఎవరూ అడగని చోటు. వెంటనే తాళం ఇచ్చారు. తరువాత బడి పక్క సెక్టార్లో ఒకాయన్ని వెతికి పట్టుకున్నాడు. ఆయన అన్న చివరి సెక్టార్లో ఉంటాడట, అన్న పక్కన ఉండాలని ఆయనకి ఆశ. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టారు, ఆఫీసులో ముద్ర వేశారు, తోపుడు బండి మీద సామాన్లు అక్కడివి ఇక్కడికి, ఇక్కడివి అక్కడికి మారాయి. దీన్ని ఎక్సేంజి అనేవారు. భిలాయిలో అది మామూలు.

ఆ బండి వెళుతుంటే మా ఆయన వీధిలో నిలబడి చూశాడు. “ఒలే, మనం ఎర్రోళ్లం. ముందల లోపలికి దూరిపోవాల. దూరినాక మెల్లగా జరగాల. అదీ ఈ ఊరి పద్ధతి” అన్నాడు.

పాత అర్జీ వెనక్కి తీసుకుని చివరి సెక్టార్‌కి పెట్టాడు. దొరికింది. కొంతకాలానికి ఎక్సేంజి కూడా కుదిరింది. బడి గంట వినిపించే చోటికి వచ్చేశాం. రెండు గదులు, ఇంట్లోనే కుళాయి. మొదటిరోజు ఆ కుళాయి తిప్పి, ఆపి, మళ్లీ తిప్పాను. ఇక మా ఆయనకి ఆ మాటే వేదమైపోయింది. పక్క ఊరు దుర్గ్ స్టేషన్లో రైలు ఆగితే ఏ పెట్టె ముందుంటే అందులోకి మమ్మల్ని తోసేసేవాడు. “ముందు ఎక్కండి, సీటు తరవాత!” అని అరిచేవాడు. ప్రతిసారీ ఎక్కాం, ప్రతిసారీ కూర్చున్నాం. అబద్ధమెలా అవుతుంది?

కొత్త ఇంటికని దుర్గ్ బజారులో ఒక అద్దం కొన్నాడు, గడ్డం గీసుకోవడానికి. దాని అంచులు ఏటవాలుగా చెక్కి ఉండేవి. తలుపు పక్కన మేకుకి వేలాడదీశాం. పొద్దున ఎండ దాని అంచు మీద పడితే ఎదురు గోడ మీద రంగుల చార పడేది. పిల్ల చిన్నప్పుడు దాన్ని అరచేత్తో మూసి పట్టుకోవాలని చూసేది. పెద్దయ్యాక బడిలో ఒక బెంగాలీ మేడం ఆ రంగులు ఎక్కడినుంచి వస్తాయో చెప్పింది. బడిలో మూడు పలకల గాజు ముక్క ఒకటుండేదట, మూల విరిగింది, తరగతి మొత్తానికి అదొక్కటే. తన వంతు వచ్చేలోగా గంట కొట్టేస్తారని పిల్ల ఇంటికొచ్చి ఏడ్చేది. తిండి కోసం ఏడవని పిల్ల గాజు ముక్క కోసం ఏడ్చింది.

బడిలో ఆఖరిదైన పదకొండో తరగతిలో దానికి వచ్చిన మార్కులు చూసి మేడమే మా ఇంటికి నడిచొచ్చింది. ఢిల్లీలో పెద్ద యూనివర్సిటీ ఉంది, దానికింద చాలా కాలేజీలున్నాయి, అందులో ఆడపిల్లలది ఒకటి చాలా మంచిది, హాస్టల్ ఉంది, స్కాలర్‌షిప్ వస్తుంది అని హిందీలో చెప్పింది. నా చేయి పట్టుకుని, “దీనిని ఆపొద్దు దీదీ” అంది. ఆ కాలేజీ పేరే అందరికంటే ముందు రాయమని పిల్లకి చెప్పి, వేసవి సెలవులకి కలకత్తా వెళ్లిపోయింది. కావలసిన కాలేజీల పేర్లు వరసగా రాయాల్సిన ఫారం వచ్చేటప్పటికి ఆవిడ ఊళ్లో లేదు.

ఫారం వచ్చిన సాయంత్రం ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చున్నాం. పక్కింటి మనిషి, ఆ ఎక్సేంజి మావయ్యే, అప్పటికి మా ఇళ్ల వరసలోనే ఉండేవాడు, బీడీ వెలిగించుకుని వచ్చాడు. పిల్ల కాలేజీల పేర్లు వరసగా చదివింది, ఊరి చివర కొత్తగా పెట్టిన ఒకదాని పేరు కూడా.

“యూనివర్సిటీ ఒకటే కదా?” అని అడిగాడు మా ఆయన.

“ఒకటే నాన్నా. డిగ్రీ మీద దాని పేరే ఉంటాది.”

“మరైతే కాలేజీ ఏదైతే ఏటి? టౌన్‌షిప్ ఒకటే, సెక్టార్లు ఏరు. అంతే కదా?”

“అంతే బావా” అన్నాడు మావయ్య. “నీళ్లు మాత్రం ఒక్కో సెక్టార్‌కి ఒక్కో టైముకొస్తాయి.” ఇద్దరూ నవ్వుకున్నారు.

పిల్ల నవ్వలేదు. “లేకిన్ నాన్నా, మేడం చెప్పిన కాలేజీలో ఒక్కో పిల్లకీ ఒక్కో బల్ల ఉంటాదట. ఎవల గాజు ఆళ్లకే. అదే ముందు రాస్తాను.”

“దాన్నే దేశమంతా అడుగుతాది అమ్మీ. లైను ఎంతుంటాదో తెలుసా? అది రెండోది రాయి. ముందు సివర్నున్న ఆ కొత్తది రాయి. ఎవలూ అడగరు, ఎంటనే ఇస్తారు. లోపలికెల్లినాక ఎవత్తో ఒకత్తి దొరక్కపోదు, ఎక్సేంజి సేసుకో.”

“అలా అవుతాదా? మేడం అలా చెప్పలేదు.”

“మేడం క్వార్టర్ కోసం ఎప్పుడైనా తిరిగినాదా? ఆపీసరు పెళ్లాం. రాగానే తాళాలు సేతికిచ్చేసినారు. లైన్లో నిలబడ్డం ఆవిడకేటి తెలుస్తాది?”

“కొత్త కాలేజీకి హాస్టల్ ఉన్నట్టు ఇందులో రాయలేదు నాన్నా.”

“కడతారు! మనమొచ్చినప్పుడు బిలాయిలో ఏటున్నాది? తుప్పలూ, పాములూను. కట్టనేదా?”

“పిల్ల ఇష్టమొచ్చినట్టు రాసుకోనియ్యండి” అన్నాను నేను. “రెండిట్లోనూ రాకపోతే నువ్వు ఓదారుస్తావేటే?” అన్నాడు. అప్పుడు చూశాను, ఆయన ముఖంలో గర్వం లేదు, భయం ఉంది. పిల్లకి సీటు లేదంటారేమోనన్న భయం. ఆయన చెప్పిన పద్ధతి వల్ల దొరికిన ఇంటి గోడకే కదా నేను ఆనుకుని కూర్చున్నది.

పిల్ల కలం తీసింది. తండ్రి చెప్పినట్టే రాసింది.

వానలు మొదలయ్యాక జవాబు వచ్చింది. కొత్త కాలేజీలో సీటిచ్చారు. మా ఆయన డ్యూటీ బట్టలతోనే వీధి వీధంతా జిలేబీలు పంచాడు. “సూసినారా? లోపలికెల్లిపోయినాది!” అని పక్కింటి మనిషి వీపు మీద చరిచాడు. ఆ వారంలోనే మేడం సెలవుల నుంచి తిరిగొచ్చి, పిల్లని చూడటానికి మా ఇంటికొచ్చింది. ఉత్తరం చదివింది. చేతిలో జిలేబీ అలాగే ఉంది. “ఇది ముందెందుకు రాశావు?” అని పిల్లని అడిగింది. మా ఆయనే చెప్పాడు, ఎక్సేంజి సంగతి. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “అక్కడ అలా మార్చరు భయ్యా” అంది, అంతే. జిలేబీ పళ్లెంలో పెట్టి వెళ్లిపోయింది.

“మనుషులే కదా ఉంటారు అక్కడ కూడా. అడిగితే ఒప్పుకుంటారు” అని మా ఆయన సెలవు పెట్టాడు. ఆడపిల్లతో ప్రయాణమని నేనూ వెళ్లాను.

కొత్త కాలేజీ ఊరి చివర నిజంగానే ఉంది. సగం గోడలు, ఇసక కుప్పలు. సైన్సు గది మీద ఇంకా కప్పు పడలేదు. హాస్టల్ ఎప్పుడు కడతారో వాళ్లకే తెలియదు. సాయంత్రమైతే పిల్లలందరూ బస్సెక్కి ఇళ్లకి పోతారట. మా పిల్ల ఇంటికి పోవాలంటే భిలాయి రావాలి. ఢిల్లీలో మాకు తెలిసిన గడప ఒక్కటీ లేదు.

అక్కడినుంచి మేడం చెప్పిన కాలేజీకి వెళ్లాం. ఎర్రటి ఇటుక గోడ, లోపల పచ్చగడ్డి. ఆఫీసులో ఒక పెద్దావిడ మార్కులు చూసి కళ్లజోడు తీసింది. మార్కులకేం, ఎక్కువే ఉన్నాయంది. కానీ వాళ్ల పేరు ముందు రాసిన వాళ్లతోనే సీట్లు నిండిపోయాయట, రెండోది రాసిన వాళ్ల కాగితాలు తెరవనే లేదట. “ఈ పిల్ల ముందు మా పేరు రాసి ఉంటే...” అంది. మిగతాది మా ఎవరికీ చెప్పక్కర్లేదు.

మా ఆయన బయటికొచ్చాడు. పోదాం అంటాడనుకున్నాను. గేటు పక్కన నిలబడి, లోపలికి వెళ్లే ప్రతి ఆడపిల్లనీ, ప్రతి తండ్రినీ అడగడం మొదలుపెట్టాడు. భిలాయి హిందీలో, చేతులు కట్టుకుని. “బేటీ, అదలా బదలీ కరోగే క్యా? సీటు మార్చుకుంటావా? మా పాపకి ఆ కాలేజీలో సీటున్నాది. నీ ఇల్లు అటుపక్కయితే దగ్గర పడుతాది.” కొందరు అర్థంకాక చూశారు. కొందరు పక్కకి తప్పుకున్నారు. ఒకమ్మాయి నవ్వాపుకోలేక స్నేహితురాలి భుజం మీద తల పెట్టేసింది. చివరికి గేటు కాడ చౌకీదారు వచ్చి, “చాచా, యే రేల్ కా డబ్బా నహీఁ హై” అన్నాడు. ఇది రైలు పెట్టె కాదు, సీటు మార్చుకోవడానికి అని. పాపం, మంచిగానే అన్నాడు. తాగమని నీళ్లు కూడా ఇచ్చాడు.

పిల్ల ఆ ఎర్రగోడ పక్కన నిలబడి ఇదంతా చూసింది. తరువాత వచ్చి తండ్రి మోచేయి పట్టుకుని, “పద నాన్నా” అంది. పెద్ద మనిషి చిన్నపిల్లాడిని జాతరలోంచి తీసుకుపోయినట్టు తీసుకుపోయింది.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. అలవాటు కొద్దీ మా ఆయన మమ్మల్ని తోసి ఎక్కించాడు. ఆగ్రా దాటాక కొంచెం చోటు చేసుకుని, “లోపలికి రా అమ్మీ, కూకో” అని పిలిచాడు. పిల్ల తలుపు దగ్గరే నిలబడింది. మళ్లీ పిలిచాడు. “నేనిక్కడే ఉంటాను నాన్నా” అంది. ఆ చోటులో ఇంకెవరో కూర్చున్నారు. ఆయన వాళ్లని లేపలేదు.

ఇంటికొచ్చేసరికి దుర్గ్‌లోనూ, రాయపూర్‌లోనూ సైన్సు సీట్లు అయిపోయాయి. మరుసటి ఏడాది చూద్దామంది మేడం. ఆ మరుసటి ఏడాదిలోనే మా ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. కోక్ ఓవెన్ పొగ. దగ్గి దగ్గి పోయాడు. మనిషి పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, లేదంటే ఇంట్లో ఒకరు ఆ మనిషి బదులు పనిలో చేరాలి. నాకు చదువు లేదు. పిల్ల చేరింది, గుమాస్తాగా. ఆ క్వార్టర్ తరువాత మాకు జరిగిన ఎక్సేంజి ఇదొక్కటే. ఇది మేం అడగలేదు.

అద్దం సంగతి చెప్పి ఆపేస్తాను. ఢిల్లీ నుంచి వచ్చిన మర్నాడే పిల్ల దాన్ని మేకు నుంచి తీసింది. లోపలి గదిలో, ఎండ ఎప్పుడూ పడని గోడకి మేకు కొట్టి వేలాడదీసింది. మా ఆయన బతికున్నంత కాలం ఆ చీకటి మూలలోనే గడ్డం గీసుకున్నాడు. తెగి నెత్తురొస్తే తువ్వాలుతో ఒత్తుకుంటూ బయటికొచ్చేవాడు. “అద్దం తలుపు కాడికి మార్చేద్దామా?” అని నేనంటే, “ఉండనీయే. అలవాటైపోయినాది” అనేవాడు.

ఆయన పోయిన తరువాత ఒకరోజు, పిల్ల డ్యూటీకి వెళ్లాక, అద్దం మళ్లీ అక్కడే పెడదామని పాత మేకు కోసం తలుపు పక్కన చేత్తో తడిమాను. మేకు లేదు. కన్నంలో సున్నం కూరి ఉంది. అది పిల్ల చేసిన పనో, ఆయన చేసిన పనో ఇప్పటికీ నాకు తెలియదు.