అత్త అడిగిన కాలే చుక్క

ఎమ్మెస్సీ చదివిన ఆ రోజుల్లో, మా ఊరు కోరుట్ల దాటి రాత్రి ఎక్కడైనా ఉండాలంటే నాకు సిరిసిల్లలోని మేనత్త అనుమతి కావాలి. (బాపును అడిగితే ఒకటే తీర్పు: "అత్తనడుగు బిడ్డా.") ప్రాజెక్టు కోసం దూరాన కొండ మీది టెలిస్కోపు దగ్గర కొన్ని రాత్రులు ఉండాలి. పోకపోతే ప్రాజెక్టు లేదు, అది లేకపోతే పై చదువూ లేదు. నలుగురిలో నోరు పెగలని దాన్ని కనుక చెప్పాల్సిందంతా డైరీలో రాసుకుని బస్సులో బట్టీ పట్టాను. తీరా పోతే పక్కింట్లో బట్ట నేసే సాంచాలు దడదడలాడుతున్నాయి. మెల్లగా కూడా మాట్లాడలేని నేను నక్షత్రాల గురించి కేకలు పెట్టాల్సి వచ్చింది.

"సచ్చిపోయిన చుక్క ఒకటున్నదత్తా! సెకనుకు వందల చుట్లు గిర్రున తిరుగుతది, మిల్లీసెకండ్ పల్సార్ అంటరు! గా చుక్క కంటికి కనపడది. దాని సుట్టూ ఇంకో చిన్న చుక్క తిరుగుతది. పల్సార్ సెగకు దాని ఒక పక్క మాడుతది. గా పక్క మన దిక్కు మర్లితే వెలుగు పెరుగుతది, అటు మర్లితే తగ్గుతది. గా వెలుగు కొలవాలె!"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త చేతులు ఆగాయి. "అంటే సచ్చినోడు బతికున్నదాన్ని కాలుస్తున్నడా? మరి గా పోరి అక్కన్నే ఎందుకున్నది? తల్లిగారింటికి పోరాదు?"

"ఆకర్షణ అత్తా, పోనియ్యది."

"అందరు గట్లనే అంటరు. ఆఖరికి ఏమైతది?"

(ఇక్కడ అబద్ధమాడి ఉండాల్సింది.) "కొన్ని అరిగి అరిగి మాయమైతయి."

"నువ్వు సూసుకుంట కూసుంటవా?"

"కొలుస్త అత్తా."

"కొలుస్తదట! మంట ఆర్పదట గని కొలుస్తదట!"

విసురుగా బాపుకు ఫోన్ కలిపింది. నా చదువు అయిపోయిందనుకున్నాను. "తమ్మీ, పిల్లను పంపు. ఆడ ఒకతి కాలిపోతున్నది, అడిగేటోళ్లు లేరు. మన పిల్లనన్న పోయి సూసి రానీ."

పోయాను, చూశాను, ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. అత్త ఫోన్ చేస్తే నేను తిన్నానా లేదా అని కాదు, "గా పోరి ఎట్లున్నది?" అనేదే మొదటి ప్రశ్న. "అది పోవాలంటే కోట్ల ఏండ్లు పడుతది అత్తా!" అని విసుక్కుంటాను. "అయితే టైమున్నది గదా, ఏదన్న జెయ్యి" అంటుంది.

ఫోన్ పెట్టేశాక మళ్లీ గ్రాఫు ముందు కూర్చుంటాను. గీత కిందికి దిగినచోట, అంటే చుక్క తన చల్లటి వీపు మనవైపు తిప్పినచోట, "జరసేపు సల్లగుండు తల్లీ" అనుకుంటాను. అటుపక్క కాలుతూనే ఉంటుందని తెలియక కాదు. బస్సులో బట్టీ పట్టిన ఆ పిల్ల ఈ మాట వింటే, ఇదేం సైన్సని నామీద కూడా విసుక్కునేది.