ఏడుస్తుందని లాగలేదు

నా బిడ్డ పోయి ఇరవై దినాలయింది. వారం జొరం, అంతే. కెంచనగుడ్డలో తను పనిచేసిన అంగన్‌వాడి పిల్లలు "టీచరు యాడ?" అని ఇంకా అడగతానే ఉండారు. నాకు రాసేది సరిగ్గా రాదు. అయినా ఒక మాట మీకు చెప్పుకోవాల.

తనకు ఐదేళ్లప్పుడు నేను గంజి వారుస్తాంటే ఉరికొచ్చి నా కాళ్లకు అడ్డం పడింది. కుడి చెయ్యంతా కాలిపాయె. బళ్లారి ఆస్పత్రిలో తొడ తోలు తీసి అతికినారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "దినామూ మోచెయ్యి సాగదీయాల, ఏడ్చినా వదలొద్దు. లేకుంటే ముడుచుకోని బిగిసిపోతాది" అని చెప్పింది.

రెండు వారాలు లాగినా. "వద్దుమా, వద్దుమా" అని నా గడ్డం పట్టుకునేది. మూడో వారం వదిలేసినా. చేతికి కట్టమన్న చెక్కను అటుక మీద దాచిపెట్టినా. అదే ప్రేమ అనుకున్నా. చెయ్యి మడిచింది మడిచినట్టే నిలిచిపోయింది.

ఆ చేత్తోనే బతికింది. జడ నేనే వేస్తి, ఆఖరిదాకా. ఎండాకాలం ఆ తోలుకు చెమట పట్టదు, ఒకటే దురద. తడిగుడ్డ చుట్టుకోని పిల్లలకు పాటలు చెప్పేది. "అందరికీ బ్యాగు తగిలించే కొక్కెం గోడకుంటాది, నాకు ఒంటికే ఉండాది" అని నవ్వేది.

కాలిన పిల్లలు యాడున్నారని తెలిసినా పోయి ఆ తల్లుల పక్కన కూర్చునేది. "ఏడవనీ అక్కా, లాగు. నిన్ను తిట్టినా లాగు." మరి నీకెందుకు ఇట్లాయె అని వాళ్లు అడిగితే, నా దిక్కు చూడకుండా, "నేను శానా మొండిదాన్ని, మా అమ్మను దగ్గరికే రానీలేదు" అనేది. నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు. ఒకసారి ఒక ముసలామె "అబ్బా, ఎంత మొండిపిల్లవే!" అంటే తల కూడా ఊపినా. వచ్చే దావలో "ఎందుకే అట్లా చెప్తావు?" అంటే, "నీ పేరు చెప్తే ఏమొస్తాదిమా? పా, టీ తాగుదాం" అన్నది.

మొన్న పొద్దున నా బిడ్డ ఫోను మోగింది. సిరుగుప్ప నుంచి ఒకామె. "టీచరక్కా, పాప శానా ఏడుస్తాండాది. ఈపొద్దుకు వదిలేద్దునా?"

నేను వాళ్లమ్మనని, నా బిడ్డ లేదని చెప్పినా. ఆమె ఏడ్చింది. ఏడుపు తగ్గినాక అన్నా: "మొండిదాన్నని టీచరు మీకు చెప్పింది అబద్దం తల్లీ. చూడలేక నేనే వదిలేసినా. నువ్వు వదలొద్దు."

కట్ చేయకుండానే ఫోను కింద పెట్టిన చప్పుడు. ఆ పాప కేక. "అయిపాయె బంగారూ, ఇంకొంచెం, ఇంకొంచెం" అని తల్లి. నేను ఫోను చెవికి ఆనించుకోని అట్లనే నిలబడినా.